కట్టిన పన్నుకు ఎదురుగా మనకేం రావాలి? (తిరుపతి, చిత్తూరు వాళ్ళ చర్చ)

ఇడ్లీబండి_తిరుపతి | రాత్రి 10:48

అందరికీ నమస్తే. బస్టాండు వెనక వీధిలో చిన్న టిఫిన్ సెంటర్ నాది. ఈ వారం అన్నీ ఒక్కసారే మీద పడ్డాయి. మూడు నెలల జీఎస్టీ, రెండో అర్ధ సంవత్సరం ఇంటి పన్ను, మధ్యలో చిత్తూరు పోయివస్తే గాదంకి టోల్. టోల్ నాకు అర్థమవుతుంది. రోడ్డు వాడుకున్నాను, డబ్బులిచ్చాను. కొండకు పోయేటప్పుడు అలిపిరి దగ్గర బండికి కట్టేదీ అంతే. మిగతా రెండింటికీ రసీదు తప్ప చేతికి ఏమీ రాలేదు.

మొన్న ఒక కస్టమర్ 180 రూపాయల బిల్లు తిరగేసి చూసి, "జీఎస్టీ గీత లేదే, ఎగ్గొడుతున్నావా?" అన్నాడు. బిల్లు అడుగున చిన్న అక్షరాల్లో ఉన్నది చూపించాను. నేను కాంపోజిషన్ స్కీములో (చిన్న వ్యాపారులు అమ్మకం మీద ఇంత శాతమని తమ జేబులోంచే కట్టే పద్ధతి) ఉన్నాను, కస్టమర్ దగ్గర పన్ను వసూలు చేసే హక్కు నాకు లేదు అని రాసి ఉంటుంది. ఆయన నవ్వి, "అయితే ఎవరూ కట్టరన్నమాట" అని పోయాడు. ఆ 180లో 5 శాతం, అంటే 9 రూపాయలు నా గల్లాపెట్టెలోంచి పోయేది ఆయనకెట్లా చెప్పేది?

అందుకే అడుగుతున్నాను. అసలు పన్ను అంటే ఏంది? దేనికి కట్టించుకుంటారు? రాజకీయం వద్దు సామీ, తెలిసినవాళ్ళు విషయం చెప్పండి.

సర్జాపూర్_నాని | రాత్రి 11:05

అన్నా, మాది తిరుపతే, బెంగళూరులో సాఫ్ట్‌వేర్. నీ బాధ 5 శాతం, నాది 30 శాతం. జీతం చేతికి రాకముందే కోసేస్తారు. పిల్లల బడి ప్రైవేటు, ఆస్పత్రి ప్రైవేటు, నీళ్ళు ట్యాంకరు, అపార్ట్‌మెంటుకు సెక్యూరిటీ మేమే పెట్టుకున్నాం. ఇంక ప్రభుత్వం నాకిచ్చేదేంది? నా ఇష్టం లేకుండా నా డబ్బు తీసుకుంటే దాన్ని వేరే ఎవరైనా చేస్తే ఏమంటారో అదే అంటాను నేను.

పాతలెక్క | రాత్రి 11:40

నేను చిత్తూరులో ఖజానా శాఖలో పనిచేసి రిటైరయ్యాను. నిద్ర పట్టనప్పుడు ఇట్లాంటివి చదువుతుంటాను.

ఇడ్లీబండి గారూ, మీరు తెలియకుండానే అసలు గీత గీశారు. టోల్‌కు రోడ్డు వచ్చింది, జీఎస్టీకి ఏమీ రాలేదు అన్నారు. 1954లో సుప్రీంకోర్టు శిరూరు మఠం కేసులో సరిగ్గా ఈ తేడానే తేల్చింది. ఫీజు అంటే ఒక సేవకు ఎదురుగా ఇచ్చేది. పన్ను అంటే చట్టం బలంతో, ప్రజావసరాల కోసం, తప్పనిసరిగా వసూలు చేసేది. కట్టినవాడికి ఫలానా మేలు చేస్తామన్న మాట అందులో ఉండదు. అంటే ఎదురుగా ఏమీ రాకపోవడం పన్నులో లోపం కాదు, అది పన్ను లక్షణం. వస్తే దాన్ని పన్ను అనరు.

అయితే తప్పనిసరి అన్నారు కదా అని ఎవరికి తోచినట్టు వాళ్ళు వేయడానికి లేదు. రాజ్యాంగం 265వ అధికరణం ఒక్క వాక్యమే. చట్టం లేకుండా ఏ పన్నూ వేయకూడదు, వసూలు చేయకూడదు. నాని గారు చెప్పిన 'వేరే ఎవరైనా' చట్టసభలో బిల్లు పెట్టి రారు. మీరు ఓటేసినవాళ్ళు చేతులెత్తితేనే ఆ కోత పడుతుంది.

ఇంకొకటి. 30 శాతం మీ జీతం మొత్తానికి కాదు. ఆదాయపు పన్ను కొత్త విధానంలో 2025-26కు 24 లక్షలు దాటిన భాగానికే ఆ రేటు. 26 లక్షల మీద లెక్క వేస్తే పన్ను 3 లక్షల 60 వేలు, పైన 4 శాతం సెస్సు (పన్ను మీద వేసే అదనపు పన్ను). మొత్తం మీద 14 శాతం చిల్లర. తక్కువని అనను, 30 మాత్రం కాదు.

సర్జాపూర్_నాని | రాత్రి 11:52

లెక్క సరే సార్. 14 శాతానికైనా ఏమొచ్చింది అన్నదే నా ప్రశ్న. ఏమీ రాకపోవడమే దాని లక్షణం అని కోర్టు చెబితే నా కడుపు నిండదు కదా.

వార్డు_నర్సు | రాత్రి 1:15

నైట్ డ్యూటీలో ఉన్నాను, రెండు ముక్కలు రాసి పోతాను. సర్కారు ఆస్పత్రిలో స్టాఫ్ నర్సుని.

మామిడి తోటలో కూలికి పోయిన ఆమెను పాము కరిచిందని తీసుకొచ్చారు. కుడికాలు పిక్క దాకా వాచిపోయింది, చిగుళ్ళ నుంచి రక్తం. గాజు గొట్టంలో రక్తం తీసి ఇరవై నిమిషాలు కదపకుండా పెట్టాం. గడ్డ కట్టలేదు. అంటే విషం రక్తంలో పనిచేస్తోంది. వెంటనే యాంటీ వెనమ్ (పాము విషానికి విరుగుడు మందు) పది వయల్స్ సెలైన్‌లో కలిపి ఎక్కించాం. ఆ మందు వయల్స్‌లో పొడిగా ఉంటుంది, నీళ్ళు కలిపి మెల్లగా తిప్పాలి, ఊపితే నురగ వస్తుంది. పది వయల్స్ కలిపేసరికి చేతులు లాగుతాయి. ఆమె భర్త తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని, "ఎంతవుతుందమ్మా?" అని అడుగుతూనే ఉన్నాడు. ఏమీ కాదు అని చెప్పినా నమ్మలేదు.

నువ్వెంత పన్ను కట్టావు అని మేమెవరినీ అడగం. అడిగి మందు ఇచ్చేటట్టయితే ఆ రోజు ఆమెకు ఇచ్చి ఉండం. నాని తమ్ముడూ, నీకు ఎదురుగా రానిది ఎవరికి పోయిందో చెబుతున్నా, అంతే.

మామిడితోట_బంగారుపాళ్యం | ఉదయం 6:20

నర్సమ్మ చెప్పింది నిజమే కానీ ఒక సవరణ. ఆ కూలామె పన్ను కట్టని మనిషి కాదు. ఫోన్ రీచార్జి చేయిస్తే 18 శాతం. మొన్న 2025 సెప్టెంబరు 22న సబ్బు, టూత్‌పేస్టు, షాంపూ 5 శాతానికి తగ్గించినారు, అంతవరకు వాటికీ 18 పడేది. రోజుకు ఎంత వస్తే అంత ఖర్చయ్యే ఇంట్లో, వచ్చిన ప్రతి రూపాయిలోనూ పన్ను భాగం ఉంటుంది. నాని లాంటివాళ్ళు సగం దాచిపెట్టుకుంటారు, ఆ దాచినదాని మీద జీఎస్టీ పడదు. 'మేం పన్నుదారులం, మీరు ఉచితాలు తినేవాళ్ళు' అని వాట్సాప్‌లో తిరిగే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

సర్జాపూర్_నాని | ఉదయం 8:30

ఒళ్ళు మండాల్సింది నాకన్నా! రైతుకు ఆదాయపు పన్నే లేదు. పది ఎకరాల తోట ఉన్న ఆసామి ఒక్క రూపాయి కట్టడు. పైగా 2025లో తోతాపురి మామిడికి కిలోకు 4 రూపాయలు ప్రభుత్వం ఇచ్చింది. అది ఎవరి డబ్బు?

మామిడితోట_బంగారుపాళ్యం | ఉదయం 9:10

అడిగినావు కాబట్టి చెబుతా. ఆ సంవత్సరం గుజ్జు ఫ్యాక్టరీలు కొనేదానికి ముందుకు రాలా. ట్రాక్టర్లు ఫ్యాక్టరీ గేట్ల ముందు రోడ్డు పొడుగూతా నిలబడినాయి, ఎండకు కాయ మెత్తబడి రసం కారింది. ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం 12 అని నిర్ణయం చేసినారు. ఆ 4 రూపాయలు లేకపోతే కోత కూలీ, బాడుగ కూడా గిట్టక చాలామంది కాయ చెట్టుకే వదిలేసేవాళ్ళు. అది నీ డబ్బే, నా డబ్బే, ఇడ్లీబండి అన్న 9 రూపాయలూ అందులో ఉంటాయి.

రైతుకు పన్ను లేదు అన్నదాంట్లో సగం నిజం ఉంది. పెద్ద ఆసాములు, వ్యవసాయం పేరు చెప్పుకుని వేరే ఆదాయం చూపించేవాళ్ళు తప్పించుకుంటున్నారు, నేను కాదనను. నా మటుకు పురుగుమందుకు 18 శాతం కట్టి, ఆ పన్ను తిరిగి రాబట్టుకునే దారి లేక మింగుతున్నా. ఫ్యాక్టరీవాడు కట్టిన పన్ను వాడికి క్రెడిట్‌గా వస్తుంది. నేను రిజిస్ట్రేషన్ లేనివాణ్ణి, నాకు రాదు.

పాతలెక్క | ఉదయం 9:45

వ్యవసాయ ఆదాయం మీద పన్ను వేసే అధికారం రాజ్యాంగం రాష్ట్రాలకిచ్చింది, కేంద్రానికి కాదు. కేంద్రం ఆదాయపు పన్ను చట్టంలో మినహాయింపు ఉండటానికి మూలం అదే. మన రాష్ట్రంలో ఏ ప్రభుత్వం వచ్చినా రైతు మీద ఆదాయపు పన్ను వేసే సాహసం చేస్తుందని నేననుకోను. పన్ను ఎవరి మీద పడుతుంది అన్నది న్యాయం ఎంతో, ఓట్లు కూడా అంత.

పలమనేరు_లారీ | ఉదయం 11:30

రాజకీయం వద్దన్నారుగా సార్ 😄

మాది బార్డరు. మా పక్క బండ్లవాళ్ళకు ఒక అలవాటు ఉంది. ట్యాంకు ఖాళీ చేసుకుని నంగిలి దాటి కర్ణాటకలో డీజిల్ పట్టిస్తాం. పెట్రోలు, డీజిల్ జీఎస్టీలోకి రాలేదు. కేంద్రం ఎక్సైజు దేశమంతా ఒకటే, రాష్ట్రం వేసే అమ్మకం పన్ను, వ్యాట్ మాత్రం ఎవరిది వాళ్ళది. మన రాష్ట్రంలో పెట్రోలుకు 31 శాతం, పైన లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. డీజిల్‌కు 22.25 శాతం, పైన అవే. లారీ ట్యాంకు నింపితే కనిపించే తేడా అది. బార్డరు ఇవతల బంకులో కుర్రాళ్ళు సెల్‌ఫోను చూసుకుంటూ కూర్చుని ఉంటారు.

ఇప్పుడు చెప్పండి, నేను పన్ను ఎగ్గొట్టినట్టా? కట్టినా, కాకపోతే కర్ణాటకకు కట్టినా. అది ఎగవేత కాదనే నా వాదన.

పాతలెక్క | మధ్యాహ్నం 12:10

ఎగవేత కాదు. చట్టం ఒప్పుకున్న దారే. వ్యాట్ ఎక్కడ అమ్మితే అక్కడికి పోతుంది. జీఎస్టీ అట్లా కాదు, సరుకు ఎక్కడ వాడితే ఆ రాష్ట్రానికి పోతుంది. పైగా దాని రేటు దేశమంతా ఒకటే. జీఎస్టీ వచ్చాక పక్క రాష్ట్రం నుంచి ఫ్రిజ్ కొనుక్కొచ్చినా లాభం లేకపోవడానికి అదే కారణం. రేటు ఒక హద్దు దాటితే జనం వేరే తోవ వెతుక్కుంటారని మీ బార్డరు చూసి ఆర్థిక శాఖ నేర్చుకోవాలి.

ఎకనామిక్స్_ఎస్వీయూ | మధ్యాహ్నం 1:00

నేను ఎం.ఏ. రెండో సంవత్సరం. పన్ను ఉద్దేశం అంటే ఖజానా నింపడం ఒక్కటే కాదు. లారీ అన్న చెప్పినదాంట్లోనే రెండోది ఉంది, పన్నుతో ప్రవర్తన మారుతుంది. సిగరెట్ల మీద ఎక్కువ పన్ను వేసేది డబ్బు కోసమే కాదు, మానేస్తారని కూడా. కానీ నిజంగా అందరూ మానేస్తే ఆ ఆదాయం పోతుంది.

పలమనేరు_లారీ | మధ్యాహ్నం 1:08

మందు సంగతి చెప్పు చెల్లీ. తాగొద్దని బోర్డు పెట్టేదీ వాళ్ళే, తాగకపోతే బడ్జెట్ నడవదనేదీ వాళ్ళే.

ఎకనామిక్స్_ఎస్వీయూ | మధ్యాహ్నం 1:15

అదే చెబుతున్నానన్నా 🙂 మందు కూడా జీఎస్టీ బయటే ఉంది. రాష్ట్రం సొంతంగా రేటు పెంచుకోగలిగినవి ఇంక కొన్నే మిగిలాయి. మందు, పెట్రోలు, రిజిస్ట్రేషన్లు, వాహనాలు. అందుకే ఏ రాష్ట్రమూ వాటిని వదులుకోదు.

ఇంటర్_సెకండియర్ | సాయంత్రం 4:40

చిన్న డౌటు. నోట్లు మన దేశమే కదా ప్రింటు చేసుకునేది? అట్లాంటప్పుడు మన దగ్గర పన్ను తీసుకోవడం ఎందుకు? కావలసినంత ప్రింటు చేసుకుని రోడ్లు వేసుకోవచ్చు కదా. తిట్టకండి ప్లీజ్.

ఎకనామిక్స్_ఎస్వీయూ | సాయంత్రం 6:30

తిట్టడమేంది, ఇందాకటి నుంచి నేను ఎదురుచూస్తున్న ప్రశ్నే ఇది.

నోట్లు రిజర్వు బ్యాంకు విడుదల చేస్తుంది. ప్రభుత్వం కొత్త నోట్లతో సిమెంటు కొంటే సిమెంటు బస్తాలు పెరగవు, వాటి వెంట పడే డబ్బు పెరుగుతుంది. ధర లేస్తుంది. 1923లో జర్మనీలో అట్లా ముద్రించుకుంటూ పోతే జీతం తీసుకున్నరోజే సరుకులు కొనేయాల్సిన పరిస్థితి వచ్చింది. ధరలు లేవడం కూడా ఒకరకంగా పన్నే. చట్టసభ ఓటు లేకుండా, రసీదు లేకుండా మీ అమ్మ పోపుల డబ్బాలో దాచిన డబ్బు విలువ తగ్గించేస్తుంది. బంగారం, భూమి ఉన్నవాళ్ళు తట్టుకుంటారు.

ఇంకో కోణం ఉంది. పన్ను మనం రూపాయల్లోనే కట్టాలి. అందువల్ల ప్రతివాడికీ రూపాయి కావాలి. ఆఫ్రికాలో బ్రిటిష్ వాళ్ళు గుడిసె పన్ను వేసి, డబ్బుగానే కట్టాలన్నారు. అప్పటిదాకా తమ పొలం తాము చేసుకుని తిన్నవాళ్ళు ఆ డబ్బు కోసం తెల్లవాళ్ళ తోటల్లో, గనుల్లో కూలికి పోవాల్సి వచ్చింది. పన్ను ఖజానా నింపకముందే మనుషుల్ని కదిలించింది. ఇది నాకు చదివిన రోజు నుంచీ కొంచెం భయంగానే ఉంటుంది.

ఇక మన రాష్ట్రం అయితే నోటు ముద్రించలేదు. అప్పుకు కూడా కేంద్రం పెట్టిన హద్దు ఉంది. మునిసిపాలిటీ పరిస్థితి ఇంకా ఇరుకు. కింది అంచెకు పోయేకొద్దీ పన్ను తప్ప వేరే దారి ఉండదు.

సర్జాపూర్_నాని | రాత్రి 8:15

నేనొక మాట అడుగుతాను. కొండ మీద హుండీలో ఎవరైనా నోటీసు ఇస్తే వేస్తున్నారా? లైన్లో గంటలు నిలబడి మరీ వేసి పోతారు. మనసొప్పితే మనిషి ఇస్తాడనేదానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. పన్ను కూడా స్వచ్ఛందంగా పెట్టి చూడమనండి. నమ్మకం ఉంటే ఇస్తారు, లేకపోతే ఇవ్వరు. అప్పుడు ప్రభుత్వం తెలుసుకుంటుంది.

కొండమెట్లు | రాత్రి 9:30

నాని బాబూ, మంచి పోలిక తెచ్చావు, కానీ కొండ చరిత్ర వేరే చెబుతుంది.

ఈస్టిండియా కంపెనీవాళ్ళు 1801లో ఈ సీమకొచ్చాక తిరుమల ఆదాయం కూడా వాళ్ళ అజమాయిషీలోకి పోయింది. భక్తుడు మొక్కుకుని వేసిన కానుకలో మిగులు కంపెనీ ఖజానాకు చేరేది. 1843లో గానీ హథీరాంజీ మఠం మహంతులకు అప్పజెప్పలేదు. టీటీడీ వచ్చింది 1933లో. ఇచ్చేవాడు మనసారా ఇచ్చినా, తీసుకునేవాడు దాన్ని శిస్తు కింద జమ కట్టుకున్న రోజులు నలభై ఏళ్ళకు పైనే ఉన్నాయి.

దానికి తిరగేసి ఇంకోటి. థామస్ మన్రో దత్తమండలాల కలెక్టరుగా ఉన్నప్పుడు వాయల్పాడు దగ్గర కోటవాయలు అనే ఊరి ఆదాయాన్ని స్వామి నైవేద్యానికి రాసిచ్చాడంటారు. అందుకే ఇప్పటికీ ఆ నైవేద్యం పెట్టే పాత్రను మన్రో గంగాళం అంటారు. ఒక ఊరి రైతులు కట్టిన శిస్తు ఒక గంగాళం ప్రసాదం అయింది. వాళ్ళను ఎవరైనా అడిగారో లేదో మరి. ఇప్పుడట్లా కుదరదు. ఫలానా మతం కోసం అని ప్రత్యేకించి పెట్టిన పన్ను కట్టమని ఎవరినీ బలవంతం చేయకూడదని 27వ అధికరణం ఉంది.

హుండీలో వేసేవాడు స్వామికి వేస్తాడు. భవానీనగర్‌లో మురికికాలువ పూడిక తీయించడానికి ఎవరూ మొక్కుకోరు నాయనా. పక్కవీధివాడు ఇస్తాడులే, కాలువ ఎట్లాగూ పారుతుందిలే అని ప్రతివాడూ అనుకుంటాడు.

ఇడ్లీబండి_తిరుపతి | రాత్రి 10:20

కొండమెట్లు సామీ, మరి ఆ హుండీ డబ్బులో కొంత ఊరికి ఇస్తే మా ఇంటి పన్ను ఎత్తేయొచ్చు కదా? ఊళ్ళో ఫ్లైఓవర్, శ్రీనివాస సేతు, టీటీడీ డబ్బుతోనే కట్టారంటారు. ఊరంతా కొండ వల్లే బతుకుతోంది, కొండకు వచ్చేవాళ్ళ చెత్త, రద్దీ భరించేదీ ఊరే.

కొండమెట్లు | రాత్రి 10:50

సేతు మొత్తం టీటీడీది కాదు. సుమారు మూడింట రెండు వంతులు టీటీడీ, మిగతాది స్మార్ట్ సిటీ నిధులు. 2023 సెప్టెంబరులో పూర్తిగా తెరిచారు. కపిలతీర్థం వైపు నుంచి వచ్చే యాత్రికుడికీ ఉపయోగం, నీకూ ఉపయోగం, కాబట్టి కలిసి కట్టడంలో తప్పు లేదు. కానీ నీ వీధి దీపం కొండ డబ్బుతో వెలిగితే, రేపు అది ఆరిపోయినప్పుడు నువ్వెవరిని అడుగుతావు? బోర్డు సభ్యుణ్ణి నువ్వు ఎన్నుకోలేదు.

మామిడితోట_బంగారుపాళ్యం | రాత్రి 11:00

కార్పొరేటర్ని ఎన్నుకుని మాత్రం ఏం అడిగినారు లెండి.

వేదిక నిర్వాహకులు | ఉదయం 7:00

ఇద్దరు సభ్యులు పెట్టిన పార్టీ పోస్టులు తీసేశాం. చెత్త పన్ను ఎవరు పెట్టారు, ఎవరు తీశారు అనే గొడవకు వేరే చర్చ ఉంది, అక్కడికి పోండి.

పాతలెక్క | ఉదయం 10:30

గొడవ వదిలేసి ఇడ్లీబండి గారి 100 రూపాయలు ఎక్కడికి పోతాయో చూద్దాం. సర్వీసులో రోజూ చేసిన పని కాబట్టి నాకు ఇదొక సరదా.

మీరు కట్టే కాంపోజిషన్ పన్నులో సగం రాష్ట్రానిది, సగం కేంద్రానిది. అంటే 50 రూపాయలు నేరుగా అమరావతికి పోతాయి. కేంద్రం 50లో, 2021-26కు 15వ ఆర్థిక సంఘం (కేంద్రం పన్నుల్లో రాష్ట్రాల వాటా తేల్చేది) వేసిన లెక్క ప్రకారం 41 శాతం రాష్ట్రాలన్నింటికీ కలిపి పంచాలి. అంటే 20 రూపాయల 50 పైసలు. అందులో మన రాష్ట్రం వాటా 4.047 శాతం. వచ్చేది 83 పైసలు. పంపకంలో జనాభా, పేదరికం లాంటివి చూస్తారు, ఎక్కువ కట్టినవాళ్ళకు ఎక్కువ అని కాదు. నాని గారు 'నేను కట్టింది నాకు రాలేదు' అన్నట్టే కర్ణాటక, తమిళనాడు ప్రభుత్వాలు కూడా ఢిల్లీలో అంటుంటాయి.

నాని గారి జీతంలో పడే 4 శాతం ఆరోగ్య, విద్య సెస్సు అయితే ఈ పంపకంలోకే రాదు. సెస్సులు, సర్‌చార్జీలు కేంద్రం తన దగ్గరే ఉంచుకోవచ్చు. కొన్నేళ్ళుగా అవి పెరుగుతూ పోవడం మీద రాష్ట్రాలకు ఉన్న కోపంలో న్యాయం ఉందని నా అభిప్రాయం. పేరుకు 41, చేతికి అందేది అంతకంటే తక్కువ.

ఇప్పుడు అసలు విషయం. ఈ 100 రూపాయల్లో మీ వీధి కాలువకు నేరుగా ఎంత వచ్చింది? సున్నా. పై ప్రభుత్వాలు గ్రాంటు ఇస్తే వస్తుంది, లేకపోతే లేదు. ఊరికి సొంతంగా మిగిలేవి ఇంటి పన్ను, ఖాళీ స్థలం పన్ను, నీటి చార్జీలు, లైసెన్సు ఫీజులు, రిజిస్ట్రేషన్లలో కొంత వాటా. మీకు జీఎస్టీ కంటే ఇంటి పన్ను మీదే ఎక్కువ కోపం ఉన్నట్టుంది. కానీ ఆ రెండింటిలో ఊరు దాటి పోనిది అదొక్కటే.

ఇడ్లీబండి_తిరుపతి | ఉదయం 11:45

83 పైసలు! ఇది కౌంటర్ దగ్గర రాసి పెట్టుకుంటా సార్.

కానీ ఇంటి పన్ను ఊళ్ళోనే ఉంటుంది సరే, అది పెరిగే తీరు చూడండి. ముందు అద్దె విలువ మీద వేసేవాళ్ళు, 2021 నుంచి ఆస్తి విలువ మీద వేస్తున్నారు. నా ఇంటి విలువ పెరిగిందని పన్ను పెంచుతారు. ఆ ఇంట్లో నేను ఉంటున్నాను, అమ్ముకోలేదు. విలువ కాగితం మీద పెరిగింది, పన్ను మాత్రం నోట్లలో కట్టాలి. చుట్టుపక్కల ఎవడో రియల్ ఎస్టేటువాడు ధర లేపితే నా జేబు ఎందుకు చిల్లు పడాలి?

ఎకనామిక్స్_ఎస్వీయూ | మధ్యాహ్నం 12:30

ఇది సరైన అభ్యంతరం. ఆదాయం లేకుండా ఆస్తి మాత్రమే ఉన్న పెద్దవాళ్ళకు ఇది నిజంగా కష్టం. అందుకే ఏడాదికి 15 శాతానికి మించి పెరగకూడదని హద్దు పెట్టారు, 375 చదరపు అడుగుల లోపు సొంత ఇంటికి ఏడాదికి 50 రూపాయలే అన్నారు. మరోవైపు చూడండి. మీ వీధి విలువ పెరిగింది మీరు గోడకు రంగు వేసినందుకు కాదు, ఎదుట సిమెంటు రోడ్డు, పక్కన ఫ్లైఓవర్ వచ్చినందుకు. ఆ పెరుగుదలలో కొంచెం ఊరు వెనక్కి అడగడం అన్యాయం అనిపించదు నాకు.

ఇడ్లీబండి_తిరుపతి | మధ్యాహ్నం 2:10

అమ్మినప్పుడు అడగమనమ్మా, ఇస్తా.

సరే, పాతలెక్క సార్‌కు ఇంకో ప్రశ్న. నేను కాంపోజిషన్ వదిలేసి మామూలు జీఎస్టీకి మారితే, ఆ 5 శాతం కస్టమర్ దగ్గరే వసూలు చేసుకోవచ్చు కదా? నాకు భారం తప్పుతుంది.

పాతలెక్క | మధ్యాహ్నం 3:00

మారొచ్చు. పోర్టల్‌లో అర్జీ పెట్టుకోవాలి. హోటళ్ళకు అక్కడా 5 శాతమే, పప్పు నూనెల మీద మీరు కట్టినదానికి క్రెడిట్ రాదు. రిటర్నుల పని పెరుగుతుంది, ఆడిటర్ ఫీజు కూడా. కానీ చట్టం ప్రకారం కట్టేవాడు వేరు, నిజంగా భరించేవాడు వేరు. మీ ఇడ్లీ ప్లేటు ఎంత?

ఇడ్లీబండి_తిరుపతి | మధ్యాహ్నం 3:20

40. మీద 2 రూపాయలు వేస్తే 42. చిల్లర దగ్గర గొడవ. పక్కన తోపుడుబండిలో 35కే ఇస్తాడు, వాడికి రిజిస్ట్రేషనే లేదు. ఆటోవాళ్ళు వాడి దగ్గరికి పోతారు. పన్ను కలిపినా 40 దాటకూడదంటే రేటు 38కి దించి పైన పన్ను వేయాలి. అంటే మళ్ళీ నా జేబులోంచే. కొండకు వచ్చే యాత్రికులు మాత్రం 42కైనా తింటారు, వాళ్ళు రేటు చూడరు.

ఎకనామిక్స్_ఎస్వీయూ | మధ్యాహ్నం 3:35

అన్నా, మా సార్ రెండు క్లాసులు తీసుకుని చెప్పింది మీరు ఒక్క పేరాలో రాసేశారు. పక్కకు పోయే దారి ఉన్నవాడు పన్ను భరించడు. ఆటోవాళ్ళకు తోపుడుబండి ఉంది, లారీ అన్నకు నంగిలి ఉంది. యాత్రికుడికి రైలు టైం అవుతుంది, మీకు షాపు కదపడానికి లేదు. భారం మీ ఇద్దరి మీదే పడుతుంది.

పలమనేరు_లారీ | మధ్యాహ్నం 3:50

నన్ను మళ్ళీ లాగినారు. నాకు నంగిలి ఉంది సరే, నా బండిలో పోయే టమోటాకు డీజిల్ రేటు కలిపే బాడుగ వేస్తా. అది తినేవాళ్ళ మీద పడుతుంది.

వార్డు_నర్సు | సాయంత్రం 5:30

అట్లా అందరూ పక్కవాళ్ళ మీదకు తోసుకుంటూ పోతే చివరికి తోయడానికి ఎవరూ లేనివాళ్ళ మీద ఆగుతుంది. ఆ కూలామె డిశ్చార్జి అయ్యింది, పోతూ పోతూ మా ఆయాకు వంద రూపాయలు ఇవ్వబోయింది. ఆయా తీసుకోలేదు. అన్నిసార్లూ తీసుకోరని నేను ప్రమాణం చేయను.

సర్జాపూర్_నాని | రాత్రి 9:00

నర్సక్క చివరి వాక్యమే నా బాధంతా. పన్ను ఎందుకో నాకు అర్థం కాక కాదు. పాముకాటు మందుకు పోతే సంతోషమే, ఇంకో రెండు శాతం తీసుకోమంటా. ఎటు పోతుందో తెలియకపోవడంతోనే చిక్కు. బెంగళూరులో కూర్చుని తిరుపతిలో మా అమ్మ కట్టే ఇంటి పన్ను ఏ కాలువకు ఖర్చయిందో తెలుసుకునే దారి ఉందా? వాదన కాదు, నిజంగానే అడుగుతున్నా.

పాతలెక్క | రాత్రి 9:40

ఉంది. మునిసిపల్ బడ్జెట్ ప్రతి ఏడాదీ కౌన్సిల్ ముందుకు వస్తుంది, అది రహస్యం కాదు. వివరం కావాలంటే సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టండి. గ్రామస్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. 'మా వీధికి ఏం చేశారు' అని రాస్తే గుండ్రంగా జవాబిస్తారు. ఫలానా వార్డు, ఫలానా ఆర్థిక సంవత్సరం, కాలువల పూడిక పనుల అంచనా, బిల్లు, కొలతల పుస్తకం (చేసిన పని కొలిచి రాసే రిజిస్టరు) నకలు అని అడగండి. కొలతల పుస్తకం అడిగితేనే కుర్చీ కదులుతుంది, నా అనుభవం అది.

ఇడ్లీబండి గారూ, వచ్చే ఏడాది ఇంటి పన్ను మొత్తం ఏప్రిల్ 30 లోపల కట్టేయండి, 5 శాతం తగ్గుతుంది.

సర్జాపూర్_నాని | రాత్రి 9:55

కొలతల పుస్తకం. రాసుకున్నా సార్. అమ్మ పేరు మీద అర్జీ ఈ ఆదివారం ఊరొచ్చినప్పుడు పెడతా. ఇడ్లీబండన్నా, మీది ఏ వార్డు? రెండూ కలిపి అడుగుదాం.

ఇడ్లీబండి_తిరుపతి | రాత్రి 10:15

వార్డు నంబరు రసీదు మీద ఉంటుంది, చూసి మెసేజ్ పెడతా. ఆదివారం పొద్దున తొమ్మిది లోపల రా, తర్వాత రష్ ఉంటుంది.